డెంటన్ వైపు కత్తులు విసరడం నేర్పే 4 శనివారాల క్లాసు, దానికోసం కొన్న కత్తులు – పూర్తి రివ్యూ

ముందే చెప్తున్నా, ఇది పొడుగ్గా ఉంటుంది, ఓపికున్నవాళ్ళు చదవండి. టెక్సస్‌లో డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు ఉండే మనవాళ్ళు వీకెండ్ వస్తే క్రికెట్, బ్యాడ్మింటన్, పాట్లక్ (తలా ఒక వంటకం తెచ్చుకునే భోజనాలు) తప్ప కొత్తగా ఏమీ లేదని అంటుంటారు కదా. నేను ఏప్రిల్, మే నెలల్లో 4 శనివారాలు నైఫ్ త్రోయింగ్ బేసిక్స్ నేర్చుకున్నా, ఆ క్లాసు గురించి మా గ్రూపులో చెప్పగానే ఒక 15 మంది దాకా విడివిడిగా అడిగారు, ఎంత తీసుకున్నారు, ప్రమాదం కాదా, ఏ కత్తులు కొనాలి అని. అందరికీ ఒకేచోట రాస్తే సరిపోతుందని రాస్తున్నా.

ఎందుకు మొదలుపెట్టానంటే, చిన్నప్పుడు తెనాలిలో సర్కస్ వచ్చినప్పుడు నాన్న తీసుకెళ్ళారు. ఏనుగులు, జోకర్లు ఏవీ నాకు గుర్తులేవు గానీ ఒక చెక్కకి ఆనించి అమ్మాయిని నిలబెట్టి చుట్టూ కత్తులు విసిరిన మనిషి మాత్రం ఇప్పటికీ కళ్ళ ముందే ఉన్నాడు. ఒక్కో కత్తి దిగినప్పుడు వచ్చే ఆ "దబ్" అనే చప్పుడు చాలా రోజులు చెవిలో మోగింది. అది పోయిన ఏడాది ఎందుకో మళ్ళీ గుర్తొచ్చి ఆన్‌లైన్‌లో 20 డాలర్లకి 6 కత్తుల సెట్ ఒకటి ఆర్డర్ పెట్టేశా. బ్రాండ్ పేరు రాయను, అదే సెట్ పది పేర్లతో అమ్ముతున్నారు, పేరు మారుతుంది సరుకు అదే.

ఆ సెట్ గురించే ముందు చెప్పాలి, ఎందుకంటే మీలో ఎక్కువమంది కూడా ముందు దాన్నే కొంటారు. ఒక్కోటి ఆరున్నర అంగుళాలు, కిచెన్ స్కేల్ మీద పెడితే 50 గ్రాములు కూడా లేదు, పిడికి నల్లదారం చుట్టి చూడ్డానికి మాత్రం భలే ఉంది. బ్యాక్‌యార్డ్‌లో ఫెన్సుకి ఒక ప్లైవుడ్ ముక్క కొట్టి విసిరా. పదిసార్లు విసిరితే పదిసార్లూ "ఠంగ్" మని తగిలి ఎటో పడ్డాయి, పదకొండోది చెక్కకి అడ్డంగా తగిలి నేరుగా వెనక్కి తుళ్ళి నా మోకాలి పక్కనుంచి వెళ్ళి పాటియో మీద మా పాప సైకిల్ దగ్గర పడింది. పాప లోపల ఉంది కాబట్టి సరిపోయింది. గుండె ఆగినంత పనైంది. ఆ సాయంత్రమే ఆరూ తీసి టేపు చుట్టి గరాజ్‌లో పై అరలో పెట్టేశా.

తర్వాత తెలిసింది అక్కడ నేను చేసిన తప్పులు ఒకటి కాదు మూడు. కత్తి తేలిక, తేలిక కత్తి చేతిలోంచి వదలగానే గిరగిరా తిరిగిపోతుంది, ఎన్ని పల్టీలు కొట్టిందో కంటికి ఆనదు, చెక్కలో దిగేంత ఊపు కూడా దానికి ఉండదు. టార్గెట్ ప్లైవుడ్, అది గట్టిగా, స్ప్రింగులా వెనక్కి తోసేస్తుంది. నిలబడే దూరం నాకు తోచినంత, అసలు ఆట మొత్తం ఆ దూరంలోనే ఉందన్న సంగతి నాకు అప్పటికి తెలీదు.

మధ్యలో ఒక మాల్‌లో గొడ్డళ్ళు విసిరే చోటికి కూడా వెళ్ళాం, మా టీమ్ అవుటింగ్. కత్తులు కూడా ఉన్నాయంటే ఆశగా వెళ్ళా. అక్కడి కుర్రాడు 5 నిమిషాలు చెప్పి వదిలేశాడు, అందరికీ ఒకే గీత, పొడుగు మనిషికీ పొట్టి మనిషికీ అదే గీత. నాది ఒక్కటి దిగింది, ఎందుకు దిగిందో అడిగితే "ప్రాక్టీసు" అన్నాడు. సరదాకి పర్లేదు, నేర్చుకోవడానికి మాత్రం కాదు.

ఇక అసలు క్లాసు. మా ఆఫీసులో టెస్టింగ్ టీమ్‌లో ఒకాయన చెప్తే తెలిసింది. డెంటన్ దాటాక కంకర రోడ్డు మీద కొంత దూరం వెళ్తే ఒక ఫార్మ్, అక్కడ అరవై దాటిన ఒక పెద్దాయన తన స్థలంలోనే నేర్పిస్తాడు. ఇంటి పేరూ అడ్రసూ ఇంటర్నెట్‌లో పెట్టొద్దని మొదటిరోజే చెప్పాడు, మనుషులు ఒకరి నోటి ద్వారా ఒకరు రావడమే ఆయనకి ఇష్టం, అందుకని పేరు రాయట్లేదు. ఫీజు మనిషికి 180 డాలర్లు, 4 శనివారాలు, ఉదయం ఏడున్నర నుంచి పది దాకా, కత్తులు ఆయనవే. మా ఆవిడ, నేను ఇద్దరం చేరాం. మా బ్యాచ్‌లో మొత్తం 8 మంది, మేమిద్దరం తప్ప మిగతావాళ్ళంతా ఇక్కడివాళ్ళే, ఒక తండ్రీ కొడుకూ కూడా ఉన్నారు.

మొదటిరోజు 40 నిమిషాలు కత్తి ముట్టుకోనివ్వలేదు. రూల్స్ చెప్పాడు, చెప్పినవి మాతో తిరిగి చెప్పించాడు. వేళ్ళు మూసే బూట్లు ఉండాలి, చెప్పులు శాండల్స్ వేసుకొస్తే ఇంటికి పంపేస్తాడు. విసిరేవాడి వెనక, పక్కన కనీసం 10 అడుగులు ఎవరూ ఉండకూడదు. అందరూ విసిరేశాకే అందరూ కలిసి తీసుకోవడానికి వెళ్ళాలి, ఒకడు విసురుతుంటే ఇంకోడు గీత దాటకూడదు. టార్గెట్‌లోంచి కత్తి లాగేటప్పుడు వెనక మనిషి ఉన్నాడో లేడో చూసుకుని లాగాలి, ఎందుకంటే అది ఒక్కసారిగా ఊడొస్తుంది, మోచెయ్యి వెనకవాడి మొహానికి తగుల్తుంది. జారి పడుతున్న కత్తిని పట్టుకోవాలని చూడొద్దు, పడనివ్వాలి. అన్నిటికన్నా గట్టిగా చెప్పింది ఏంటంటే కత్తిని ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి ఇవ్వకూడదు, బల్ల మీద పెట్టాలి, రెండోవాడు బల్ల మీంచి తీసుకోవాలి.

ఇది వినగానే నాకు మా అమ్మ గుర్తొచ్చింది. మనిళ్ళల్లో కత్తి, కత్తెర, ఉప్పు, మిరపకాయలు చేతికివ్వరు కదా, కింద పెట్టి తీసుకోమంటారు, లేకపోతే గొడవలొస్తాయంటారు. నేను చిన్నప్పుడు దానిమీద అమ్మతో ఎన్నిసార్లు వాదించానో. అమ్మ ఇప్పుడు ఆర్నెల్లకి మా దగ్గరికే వచ్చింది, మూడో శనివారం తనని కూడా తీసుకెళ్తే మడతకుర్చీలో చెట్టు కింద కూర్చుని అంతా చూసింది, అందరూ బల్ల మీద పెట్టి తీసుకోవడం చూసి "చూశావా నాన్నా, ఇక్కడ కూడా చేతికివ్వట్లేదు, తెలిసినవాళ్ళు ఎక్కడైనా ఒకటే" అంది. కోచ్‌కి అది అనువదించి చెప్తే ఆయన టోపీ తీసి అమ్మకి దణ్ణం లాంటిది పెట్టాడు. ఆ పద్ధతి ఎవరు ఏ కారణం చెప్పి పెట్టినా వేళ్ళు కాపాడటానికే పెట్టారని నాకు ఆరోజు అర్థమైంది.

పట్టు సంగతి. ఆయన నేర్పింది సుత్తి పట్టుకున్నట్టు పిడి పట్టుకోవడం, బొటనవేలు పిడి వీపు మీదకి గానీ పక్కకి గానీ, గట్టిగా పిసకకూడదు, వదులుగా వదిలెయ్యకూడదు. మణికట్టు బిగించి ఉంచాలి, అంటే చివర్లో మణికట్టుతో ఝాడించకూడదు. అందరూ చేసే తప్పు అదే, నేనూ చేశా. క్రికెట్ ఆడినవాళ్ళకి మరీ ఎక్కువ వస్తుందిది, బంతి విసిరిన అలవాటు, చివర్లో చెయ్యి దానంతట అదే తిప్పేస్తుంది. మణికట్టు తిప్పితే కత్తి ఎంత వేగంగా పల్టీ కొడుతుందో ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది, ఇక ఏ దూరంలో నిలబడినా లెక్క కుదరదు.

వదలడం ఎలా అనేది నాకు ఎంతకీ ఎక్కలేదు. ఆయన చెప్పేది ఏంటంటే నువ్వు వదలొద్దు, అదే జారిపోతుంది అని. వేళ్ళు విప్పితే కత్తి పైకి ఎగిరిపోతుంది, విప్పకపోతే నేలకి గుచ్చుకుంటుంది. 20, 25 సార్లు అలాగే అయ్యాక నాకు మా ఊళ్ళో బావి గుర్తొచ్చింది. బొక్కెన కిందకి వదిలేటప్పుడు చేంతాడు చేతిలో పట్టుకునే ఉంటాం, కానీ జారనిస్తాం, అరచెయ్యి దానికి దారి ఇస్తుంది అంతే. అదే పట్టు ఇక్కడా అనుకుని విసిరా. కత్తి వెళ్ళే తీరే మారిపోయింది, ఊగడం పోయింది, నిదానంగా ఒక్క పల్టీ కొట్టి వెళ్ళడం కంటికి కనపడింది. ఇంకా దిగలేదు గానీ కనపడింది.

ఇప్పుడు కాళ్ళ సంగతి. ఈ క్లాసుకి నేనిచ్చిన డబ్బులు దీనికే ఇచ్చానని అనుకుంటున్నా. పిడి పట్టుకుని విసిరితే కత్తి ఒక పూర్తి పల్టీ కొట్టి మొన ముందుకి వచ్చే దూరం ఒకటి ఉంటుంది, మామూలుగా 10 నుంచి 12 అడుగుల మధ్య. అది మీ చెయ్యి పొడుగుని బట్టి, కత్తి పొడుగుని బట్టి, మీరు విసిరే తీరుని బట్టి మారుతుంది, ఎవరిది వాళ్ళకే. నాది 11 అడుగులు, మా ఆవిడది పదికి కాస్త పైన. నేను మొదటిరోజు 10 అడుగుల దగ్గర నిలబడి విసురుతుంటే కోచ్ నా చేతివైపు ఒక్కసారి కూడా చూడలేదు, టార్గెట్‌కి కత్తి ఎలా తగుల్తోందో చూసి నా మడమ దగ్గరకొచ్చి నేలమీద టెంటు మేకు ఒకటి పెట్టాడు, మేకుని అర అడుగు వెనక్కి జరిపాడు, "ఇక్కడ" అన్నాడు. విసిరా. మొన కాస్త పైకి చూస్తూ చెక్కని గీరి పడిపోయింది. ఇంకో అర అడుగు జరిపాడు. విసిరా. దబ్.

అదే చప్పుడు. ముప్ఫై ఏళ్ళ కిందట విన్నదే. కత్తి చెక్కలో దిగి పిడి సన్నగా వణుకుతూ నిలబడింది, నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయా. నేను చేత్తో ఏమీ మార్చలేదు, ఒక్క అడుగు వెనక్కి వచ్చానంతే.

రూల్ చాలా చిన్నది, గుర్తుపెట్టుకోండి. కత్తి తగిలేటప్పుడు మొన పైకి, పిడి కిందకి ఉంటే పల్టీ ఇంకా పూర్తవలేదని, మీరు దగ్గరగా ఉన్నారని, వెనక్కి జరగాలి. మొన కిందకి, పిడి పైకి ఉంటే పల్టీ ఎక్కువైందని, ముందుకి జరగాలి. చెయ్యి మాత్రం ప్రతిసారీ అదే ఊపు, అదే ఎత్తు. ఇంట్లో ఒక్కళ్ళే నేర్చుకునేవాళ్ళు కత్తి దిగకపోతే ఇంకా బలంగా విసురుతారు, అక్కడే చెడుతుంది, బలం పెంచగానే లెక్కంతా మారిపోతుంది. మా ఆవిడ మొదటినుంచీ మెల్లగా, ఒకేలా విసిరింది, మా బ్యాచ్‌లో అందరికన్నా ముందు దిగింది తనదే. మొదటిరోజు అయ్యేసరికి తనకి పదిలో ఐదారు దిగేవి, నాకు మూడు.

టార్గెట్ గురించి కూడా ఆయన దగ్గరే తెలిసింది. చెట్టు మొద్దుని అడ్డంగా కోసిన గుండ్రటి దిమ్మలు పెట్టాడు, కాటన్‌వుడ్, దాదాపు 2 అడుగుల వెడల్పు, జానెడు లోపు మందం. నార మనవైపు నిలువుగా ఉంటుంది కాబట్టి కత్తి నారల మధ్యలోకి జారుతుంది, తీశాక ఆ కంత మళ్ళీ చాలావరకు మూసుకుంటుంది. మనూళ్ళో మాంసం కొట్లో చింతమొద్దు ఎలా ఉంటుందో గుర్తుచేసుకోండి, అక్కడ కూడా కోసిన ముఖమే పైకి పెడతారు, రోజంతా కత్తిదెబ్బలు తిన్నా పెచ్చులు లేవదు, ఇదీ అదే పని. పలక చెక్కయితే నార అడ్డంగా ఉండి చీలిపోతుంది, కత్తిని బయటికి తోసేస్తుంది. మెత్తటి చెక్కే కావాలి, కాటన్‌వుడ్, పోప్లర్, పైన్ బాగుంటాయి. టెక్సస్‌లో ఎక్కడ చూసినా దొరికే ఓక్, మెస్కీట్ పనికిరావు. మెస్కీట్ అంటే మన సర్కారు తుమ్మకి దగ్గర చుట్టమే, ఎంత గట్టిగా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. దిమ్మ ఎండిపోతే పగుళ్ళొస్తాయి, అందుకని ఆయన ముందురోజు సాయంత్రం నీళ్ళు పోసి పెడతాడు. బతికున్న చెట్టు మీద మాత్రం ఒక్కటి కూడా విసరనివ్వడు, అడిగిన కుర్రాడికి గట్టిగానే చెప్పాడు.

రెండో శనివారం అర పల్టీ. ఇందులో పిడి బదులు బ్లేడు పట్టుకుని విసరాలి, 6, 7 అడుగుల దూరం నుంచి. బ్లేడు పట్టుకోవడం అంటే భయపడకండి, విసిరే కత్తులకి అంచు పదును ఉండదు, ఉండకూడదు, మొన ఒక్కటే పదును. అంచు పదునున్న వంటింటి కత్తులు, వేట కత్తులు దీనికి వాడకూడదు, చెయ్యి తెగుతుంది, పైగా వాటి గట్టి ఉక్కు దెబ్బకి విరిగి ముక్క ఎగురుతుంది. విసిరే కత్తుల ఉక్కు కాస్త మెత్తన, తగలరాని చోట తగిలితే వంగుతుంది గానీ పెళుసుగా విరగదు, వంగితే సరిచేసుకోవచ్చు.

ఇక్కడే నాకు ఒక దెబ్బ తగిలింది. దిమ్మలో ఉన్న కత్తికి ఇంకో కత్తి తగిలితే అంచు మీద సన్నటి ముల్లు లేస్తుంది, కంటికి కనపడదు. ఆయన ఇచ్చిన కత్తుల్లో ఒకదానికి అలాంటి ముల్లుంది, బ్లేడు జారేటప్పుడు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం చీరుకుంది. రెండు కుట్లు పడాల్సినంత కాదు గానీ వారం రోజులు అన్నం కలుపుకోవడానికి మంట. క్లాసు మొదలయ్యే ముందే ఆ కత్తులన్నీ చూసి ఆకురాయితో రాసి ఉంచాల్సింది ఆయన, ఉంచలేదు, అదే ఈ క్లాసులో నాకు నచ్చని పెద్ద విషయం. తర్వాత తప్పు ఒప్పుకుని అందరికీ చిన్న ఆకురాయి ఒకటి ఇచ్చి ప్రతి రౌండుకీ ముందు వేలితో కాకుండా గుడ్డతో తుడిచి చూసుకోవడం నేర్పాడు, గుడ్డ నార తట్టుకుంటే అక్కడ ముల్లు ఉన్నట్టు. ఇప్పుడది మాకు అలవాటైపోయింది.

మూడోవారం రెండు పల్టీలు. అది నాకు ఇంకా పూర్తిగా రాలేదు, పదిలో మూడు దిగితే గొప్ప. మే ఎండలో తొమ్మిది దాటాక అరచెయ్యి చెమటకి కత్తి జారిపోతుంది, జేబులో పొడిగుడ్డ పెట్టుకోండి.

నాలుగో శనివారం చిన్న పోటీ పెట్టాడు, అసలు పోటీల రూల్స్ ప్రకారం. పెద్ద పోటీల్లో దూరాలు మీటర్లలో ఉంటాయి, ఒక పల్టీకి కనీసం 3 మీటర్లు, రెండుకి 5, మూడుకి 7, అంతకన్నా దగ్గరగా గీత దాటి విసిరితే లెక్కలోకి రాదు. మధ్య వృత్తం 10 సెంటీమీటర్లు, దానికి 5 పాయింట్లు, బయటికి వెళ్ళేకొద్దీ ఒక్కో పాయింటు తగ్గి చివరి వృత్తానికి 1. దిగి నిలబడితేనే పాయింటు, తగిలి పడిపోతే సున్నా. ఈ ఆటకి ఇక్కడ చాలా చరిత్ర ఉందట, ఆస్టిన్‌లో ఇంటర్నేషనల్ నైఫ్ త్రోయర్స్ హాల్ ఆఫ్ ఫేమ్ అనే సంస్థ 2003లో మొదలైంది. కోచ్ దగ్గర ట్రూ-బ్యాలెన్స్ వాళ్ళ పాత కత్తి ఒకటుంది, మిషిగన్‌లో హ్యారీ మెకెవోయ్ అనే ఆయన పెట్టిన కంపెనీ అది, ఆయన అమెరికాలో ఈ ఆటని మామూలు జనాల్లోకి తీసుకొచ్చినవాళ్ళలో ముఖ్యుడు. ఆ కత్తి చేతిలో పెట్టుకున్నప్పుడు బరువు ఎలా ఉండాలో అర్థమైంది, అటూ ఇటూ మొగ్గకుండా సరిగ్గా మధ్యలో వేలు మీద నిలబడింది. నాకు 42 ఏళ్ళు, ఈ వయసులో ఇదేంటి అన్నవాళ్ళున్నారు. న్యూయార్క్ వైపు డేవిడ్ అడమోవిచ్ అని, ది గ్రేట్ త్రోడీని అన్న పేరుతో ప్రదర్శనలిచ్చిన ఆయన, 50 ఏళ్ళకి మొదలుపెట్టి ప్రపంచ రికార్డుల దాకా వెళ్ళాడు. నాకు ఆ మాట చాలు.

క్లాసులో మిగతా లోటుపాట్లు కూడా చెప్పాలి. 8 మందికి 3 టార్గెట్లే, సగం సమయం నిలబడి చూడటమే, ఆరుగురు అయితే సరిగ్గా ఉండేది. టాయిలెట్ అంటే ప్లాస్టిక్ పోర్టబుల్ ఒకటి, అమ్మలాంటి పెద్దవాళ్ళకి కష్టం. నీడ ఒక్క చెట్టుదే. గడ్డిలో చిగ్గర్స్ అనే కంటికి ఆనని కుట్టే పురుగులుంటాయి, పొడుగు సాక్సులు వేసుకోకపోతే రాత్రంతా కాళ్ళు గోక్కోవడమే. పల్టీ లేకుండా నేరుగా విసిరే నో-స్పిన్ పద్ధతి కూడా చెప్తామన్నారు, చివరికి 10 నిమిషాలు చూపించి ముగించారు. వాన పడితే క్లాసు మారుస్తారు గానీ డబ్బులు తిరిగివ్వరు, ఇది ముందే చెప్పారు కాబట్టి తప్పు పట్టను. ఇవన్నీ కలుపుకున్నా ఇద్దరికీ కలిపి 360 డాలర్లు నాకు పైసా వసూల్. ఎందుకంటే బయట ఎక్కడా నా మడమ దగ్గర కూర్చుని మేకు జరిపినవాళ్ళు లేరు. 5కి నాలుగున్నర ఇస్తా, ఆ అర ముల్లున్న కత్తి వల్ల తగ్గింది.

ఇక కత్తులు. రెండో వారం తర్వాత ఆయన సలహాతో 3 కత్తుల సెట్ కొన్నా, 45 డాలర్లు. 12 అంగుళాల పొడవు, ఒక్కోటి 280 గ్రాముల దాకా ఉంది, మొన నుంచి పిడి చివరిదాకా ఒకటే ఉక్కు పలక, పిడికి చెక్క గానీ ప్లాస్టిక్ గానీ అతికించి లేదు. ఆయన చెప్పే లెక్క అంగుళానికి ఒక ఔన్స్, అంటే అంగుళానికి సుమారు 28 గ్రాములు, కాస్త తగ్గినా పర్లేదు, మరీ సగానికి పడిపోతే కొనొద్దు. అదే చేత్తో అదే దిమ్మ మీద పాత 50 గ్రాముల కత్తీ, కొత్తదీ మార్చి మార్చి విసిరి చూశా, పాతది 20కి 2 దిగాయి, కొత్తది 20కి 13. నేర్చుకునేవాడికి బరువు కత్తే తేలిక. పిడికి దారం చుట్టినవి కొనకండి, వదిలేటప్పుడు వేలికి తట్టుకుంటుంది, నేను కొత్తదానికి వచ్చిన దారం మొదటిరోజే కోసి పారేశా. నల్లపూత నెలరోజుల్లో మొన దగ్గర పోయింది, కార్బన్ స్టీల్ కాబట్టి తడిదిమ్మలో వాడి అలాగే వదిలేస్తే రాత్రికి రాత్రి తుప్పు పడుతోంది, తుడిచి పల్చగా నూనె రాసి పెడుతున్నా. మొనలు మరీ సూదిలా కాకుండా కాస్త గుండ్రంగా ఉంటేనే వంగకుండా ఉంటాయి, కొత్తలో వచ్చిన సూదిమొనని నేనే ఆకురాయితో కొద్దిగా మొద్దు చేశా. మూడు కొనడం మంచిది, ఒక్కటైతే ప్రతిసారీ నడవడమే అవుతుంది, ఆరైతే ఒకదాన్నొకటి కొట్టుకుని ముళ్ళు లేస్తాయి.

చట్టం సంగతి అడిగారు చాలామంది. టెక్సస్‌లో ఇదివరకు విసరడానికి చేసిన కత్తి వెంటపెట్టుకుని బయట తిరగడం నేరమే, 2017 సెప్టెంబర్ 1 నుంచి ఆ నిషేధం తీసేశారు. ఇప్పుడు ఐదున్నర అంగుళాలు దాటిన బ్లేడుతో వెళ్ళకూడని చోట్ల లిస్టు ఉంది, స్కూళ్ళు, కోర్టులు, హాస్పిటళ్ళు, గుళ్ళు చర్చిల్లాంటివి అందులో ఉన్నాయి. మేం శనివారం క్లాసు అవ్వగానే గుడికి వెళ్ళే అలవాటు, ఈ సంగతి తెలిశాక ముందు ఇంటికెళ్ళి కత్తుల బ్యాగు గరాజ్‌లో తాళం వేసి, స్నానం చేసి అప్పుడు వెళ్తున్నాం. పక్క రాష్ట్రాలకి వెళ్ళేవాళ్ళు అక్కడి రూల్స్ చూసుకోండి. హైదరాబాద్ నుంచి మా బాబాయి కొడుకు ఒక సెట్ తెమ్మన్నాడు, తేనని చెప్పా. అక్కడ 9 అంగుళాల పొడవు గానీ 2 అంగుళాల వెడల్పు గానీ దాటిన బ్లేడు, ఇంటిపనికో పొలంపనికో వాడేది కాకపోతే, ఆయుధాల చట్టం కింద లైసెన్స్ గొడవలోకి వస్తుంది, ఎయిర్‌పోర్టులో వాడి తల ప్రాణం, నా తల ప్రాణం రెండూ తోకకొస్తాయి.

ఇంట్లో ఇప్పుడు గరాజ్ వెనక మూడువైపులా గోడ ఉన్న చోట దిమ్మ ఒకటి పెట్టుకున్నా, వెనకాల పాత రబ్బరు మ్యాటు వేలాడదీశా, తప్పిపోయిన కత్తి దానికి తగిలి కింద పడిపోతుంది. చెట్లు కొట్టే వాళ్ళని అడిగితే కాటన్‌వుడ్ దిమ్మ ఊరికే ఇచ్చారు, కారులో ఎక్కించడానికి ఇద్దరు కావాలి, పచ్చిగా ఉన్నప్పుడు చాలా బరువుంటుంది. కొనేముందు మీ కాలనీ హెచ్‌ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) రూల్స్ చదువుకోండి, మావాళ్ళని నేను ముందే అడిగి మెయిల్‌లో జవాబు తీసుకుని పెట్టుకున్నా.

పాప మాత్రం రోజూ అడుగుతోంది నేనెప్పుడు నాన్నా అని. కోచ్ పదేళ్ళు నిండితే తల్లో తండ్రో పక్కన ఉండి నేర్పొచ్చన్నాడు, తనకి ఫిబ్రవరిలో పది నిండుతాయి, అప్పటిదాకా బయటి గీత దగ్గర కూర్చుని పలక మీద మా ఇద్దరి పాయింట్లు రాస్తోంది, వాళ్ళమ్మవే ఎక్కువ. చిన్న చేతికి సరిపోయే 10 అంగుళాల సెట్, 150 గ్రాములకి తగ్గనిది, పిడి సన్నగా ఉండేది ఎవరైనా వాడి ఉంటే చెప్పండి, మూడు నాలుగు చూశాను గానీ అన్నీ తేలికవే దొరుకుతున్నాయి.